నీళ్ళు దాటే డిస్కు

క్రీడా సామాన్ల కొట్లో ఇన్నేళ్ళుగా నిలబడుతున్నవాణ్ణి కనుక ఒక్క మాట ధైర్యంగా చెప్పగలను. పెద్ద అంకె కనిపిస్తే మనిషికి మతి పోతుంది. బూట్ల దగ్గర ఈ జబ్బు కాస్త తక్కువ, ఎందుకంటే పెద్దవి తొడుక్కుంటే ఊడిపోతాయి. డిస్క్ గోల్ఫ్ అర దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడ్డూ అదుపూ ఉండదు.

ఆ ఆట ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. అన్నం పళ్ళెం కన్నా చిన్నదైన ప్లాస్టిక్ బిళ్ళను విసిరి, దూరంగా ఇనుప గొలుసులు వేలాడుతున్న బుట్టలో పడేయాలి. తక్కువ విసుర్లలో పడేసినవాళ్ళు గెలిచినట్టు. బిళ్ళలన్నీ ఒక రకం కావు. బుట్ట దగ్గరపడ్డాక నెమ్మదిగా వేసేవి కొన్ని, మొదటి విసురుకి దూరం పోయేవి కొన్ని. దూరం పోయేవాటిని డ్రైవర్లంటారు. ప్రతిదాని మీదా వేగం అంకె వేసి ఉంటుంది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు అంటే అన్నిటికన్నా జోరైనవని లెక్క.

ఇక్కడే వస్తుంది తంటా. ఆ అంకె డిస్కు మనకిచ్చే వేగం అనుకుంటారు అందరూ. అది మనల్ని అడిగే వేగం. చెయ్యి అంత జోరుగా ఆడకపోతే పద్నాలుగు నంబరుది నాలుగు బారలు పోయి, ఎడమకి తిరిగి, అలిగినదానిలా నేలమీద పడుకుంటుంది. అదే మనిషి ఏడో నంబరుది విసిరితే చక్కగా ఎంతో దూరం పోతుంది. చెప్పి చెప్పి నా గొంతు అరిగింది గానీ విన్నవాడు లేడు. "ఆ పెద్దదే ఇవ్వండి" అంటారు. వారం తిరక్కుండా వచ్చి డిస్కులో ఏదో లోపం ఉందంటారు. లోపం ఎక్కడుందో నాకు తెలుసు, కౌంటరు వెనక నిలబడి అనకూడదు కనుక అనను.

ఇలాంటివాళ్ళ మీద ఒంటికాలి మీద లేచే నేను ఒక మధ్యాహ్నం తలెత్తి చూసేసరికి, ఎదురుగా మా వదిన. హోటల్ లాండ్రీ యూనిఫారంలోనే వచ్చేసింది. ముంజేతుల మీద సబ్బునురగ మరకలు ఇంకా ఆరలేదు.

"ఏరా, మీ దగ్గర అన్నిటికన్నా జోరైన డ్రైవర్ ఏదో అది తియ్యి" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

మా వదిన సంగతి చెప్పకపోతే ఈ గొడవ అర్థం కాదు. ఆవిడ మా ఇంటికి కోడలుగా వచ్చేనాటికి నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి. మా అమ్మ అప్పటికే లేదు. నాన్న, అన్నయ్య, నేను. ముగ్గురు మగాళ్ళ కొంప ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వదిన వచ్చీరాగానే కిటికీ తెర ఊడదీసి, ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ తగిలించింది. దాని మీద పూలున్నాయని మా ముగ్గురికీ ఆ రోజే తెలిసింది.

సాయంత్రాలు నా బడి చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కథలు చెప్పేది. నేను ఇస్త్రీబల్ల కింద కూర్చుని ఊఁ కొట్టాలి. అది ఆవిడ షరతు. నా ఊఁ ఆగిందంటే కథ ఆగేది, ఇస్త్రీపెట్టె కూడా ఆగేది. "ఏరా, ఉన్నావా? నువ్వు ఊఁ కొట్టకపోతే తరవాత ఏం జరిగిందో నాకు గుర్తురాదు" అనేది. అవన్నీ అప్పటికప్పుడు ఆవిడ అల్లిన కథలని నాకు మీసాలొచ్చాక గానీ తెలియలేదు. ఆ బల్ల కింద కూర్చున్న పిల్లాడికి అమ్మ లేదన్న సంగతి ఎప్పుడూ గుర్తుకు రాలేదు. ఆ రుణం తీరేది కాదని నాకు తెలుసు. ఆవిడ ఎదుట ఈ మాట అంటే "చాల్లే, కంచం కడిగెయ్" అంటుంది కనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

నేను పై తరగతులకి వచ్చాక ఆవిడ ఒక పెద్ద హోటల్ లాండ్రీలో చేరింది. హోటల్ అడుగున కిటికీల్లేని పొడవాటి గది అది. ఒక పక్క వరసగా ఉతుకు యంత్రాలు, ఇంకో పక్క వేడి రోలర్ల యంత్రం. ఉతుకు యంత్రంలోంచి దుప్పట్లు తాళ్ళలాగా మెలికలు తిరిగి బయటికొస్తాయి. ఇద్దరు మనుషులు చెరో రెండు కొసలు పట్టుకుని ఒక్కసారిగా విదిలిస్తే గానీ విడవవు. విడిచాక రోలర్లలో పెట్టాలి. ఒకరు ఇటు పెడతారు, ఇంకొకరు అటు పట్టుకుంటారు. పెట్టే వైపు నయం. పట్టే వైపు బట్ట కాలుతూ వస్తుంది, కొన్నాళ్ళకి వేళ్ళ కొసలు మొద్దుబారిపోతాయి.

వదినకి అక్కడ జతగా దొరికినావిడ పొడుగక్క. పేరేదో ఉంది గానీ హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ వాడరు. గుమ్మం దాటాలంటే తల వంచుకునే మనిషి. పక్కన నిలబడితే మా వదిన ఆవిడ భుజానికి కూడా రాదు. ఇద్దరూ వారం వారం వైపులు మారాలని అక్కడి పద్ధతి. వదిన చేరిన కొత్తల్లోనే మా అన్న కూతురు కడుపున పడింది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి పొడుగక్క వేడి వైపు వదల్లేదు. బిడ్డ పుట్టి, పాలు మరిచి, బడికి పోతున్నా ఆవిడ అక్కడే. వదిన అడిగినప్పుడల్లా "నావి పొడుగు చేతులు, పట్టుకోడానికి వీలుగా ఉంటుంది" అనేదట. వేళ్ళు కాలుతున్నాయన్న మాట ఒక్కసారి కూడా ఆవిడ నోట రాలేదని వదిన ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ హోటల్ వాళ్ళకి ఏడాదికోసారి పార్కులో డిస్క్ గోల్ఫ్ జంటల ఆట ఉంటుంది. రూల్సు తెలిసినవాణ్ణని తీర్పరిగా నన్ను పిలుస్తారు. జంటలో ఇద్దరూ వంతులేసుకుని విసరాలి. ఒకరు విసిరిన డిస్కు ఎక్కడ పడితే అక్కణ్ణుంచి రెండోవాళ్ళు అందుకోవాలి. బేసి బుట్టలకి మొదటి విసురు ఒకరిది, సరి బుట్టలకి రెండోవాళ్ళది; ఆ పార్కులో సరి బుట్టలన్నీ దగ్గర్లోనే ఉంటాయి. ఆఖరిదైన తొమ్మిదో బుట్ట కొలను అవతల ఉంటుంది. మొదటి విసురుతోనే నీళ్ళు దాటించాలి. దాటించలేనివాళ్ళు గట్టు వెంట చుట్టు తిరిగి రావచ్చు గానీ, అలా తిరిగినవాళ్ళు గెలిచింది నేనైతే చూడలేదు.

ఏటా బేసి బుట్టలు పొడుగక్కవే. ఆ పొడుగు చేతితో అలవోకగా నీళ్ళు దాటించేసేది. మా వదిన పక్కన కళ్ళు మూసుకుని నిలబడేది. చప్పట్లు వినిపించాక కళ్ళు తెరిచేది.

ఈ ఏడు పొడుగక్క కుడి భుజం పట్టేసింది. దగ్గర విసుర్లకి ఫర్వాలేదు గానీ గట్టిగా విసరొద్దని డాక్టరు చెప్పాడు. పైగా ఈ నెలాఖరుకి ఆవిడ పనిలోంచి విరమించి, ఎక్కడో దూరాన ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. అంటే ఆ జంటకి ఇదే ఆఖరి ఆట. బేసి బుట్టలు మా వదినకి వచ్చిపడ్డాయి.

"ఇన్నేళ్ళూ వేడి వైపు అక్కే నిలబడింది. నీళ్ళూ అక్కే దాటించింది" అంది వదిన కౌంటరు మీద మోచేతులు ఆనించి. "వెళ్ళిపోయేలోగా ఒక్కసారి నేను దాటించాలిరా ఆవిణ్ణి. ఆవిడ ఊరికే పక్కన నిలబడి చూడాలి. నాకు కావలసింది అంతే."

నా మనసు మెత్తబడింది. అలాంటప్పుడు నాకు కోపం రావడం మామూలు.

"డ్రైవర్ మారిస్తే చెయ్యి మారుతుందా వదినా? పెద్ద నంబరు నీకు పనికిరాదు."

"వంటపెద్ద దగ్గర పద్నాలుగు నంబరుది ఉందట. నువ్వే అమ్మావట."

వంటపెద్ద అంటే హోటల్ వంటగదికి పెద్ద. ఏటా వీళ్ళకి పోటీ ఆయన జంటే.

"ఆయన చెయ్యి చూశావా? రోజూ పిండిముద్దలతో కుస్తీ పట్టే చెయ్యి అది."

"మరి నేను తడి దుప్పట్లతో పట్టేది ఏమిటి, కోలాటమా?"

"అదీ ఇదీ ఒకటి కాదు" అన్నాను. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఏడో నంబరుది తీసి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, పిల్లల అర వైపు ఒక చూపు, నా వైపు ఒక చూపు విసిరింది. "రాత్రి భోజనానికి మా ఇంటికేగా వచ్చేది? గరిటె ఎవరి చేతిలో ఉంటుందో గుర్తుందా?" అంది. నోరు మూసుకుని పద్నాలుగు నంబరుది కూడా తీసి ఇచ్చాను.

ఆ ఆదివారం పార్కు వెనక ఖాళీ మైదానంలో సాధన మొదలైంది. పొడుగక్క కూడా వచ్చి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. పద్నాలుగు నంబరుది నేను చెప్పినట్టే చేసింది. ఎడమకి తిరిగి పడుకుంది. నేను మీసం మెలేశాను. పదమూడూ అంతే. బరువుది, తేలికది, కొత్తది, అరిగినది, అన్నీ అంతే. చివరికి "చూడు మరి" అని నా ఏడో నంబరుది అందించాను. అది గాల్లో వణికి, తాగినవాడిలా తూలి, మిగతావాటి పక్కనే వచ్చి పడింది. నా మీసం దిగిపోయింది.

అది పోకపోవడం నాకు మింగుడుపడలేదు. ఏడో నంబరుది ఎవరు విసిరినా ఎంతో కొంత పోతుంది. వదిన చెయ్యి మరీ అంత బలహీనమైనదేం కాదు. కానీ విసిరే క్షణంలో ఒళ్ళంతా బిగదీసుకుంటోంది. ఎప్పుడు వదలాలో తెలియనట్టు, మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ మొదలుపెడుతోంది. పక్కనుంచి ఒక్క మాట లేదు, ఒక్క చప్పుడు లేదు. ఎవరైనా విసిరేటప్పుడు మిగతావాళ్ళు నోరు మెదపకూడదన్నది ఈ ఆటలో మర్యాద. ఆ మర్యాద వాళ్ళందరికీ చెవిలో ఇల్లు కట్టుకుని నేర్పింది నేనే.

రెండు ఆదివారాలు అలాగే గడిచాయి. వదిన అలసిపోయింది, నేను డిస్కులు మోసి అలసిపోయాను. పొడుగక్క మాత్రం వెళ్ళేటప్పుడు "చుట్టు తిరిగి వెళ్దాంలే పిల్లా, నడక ఒంటికి మంచిది" అంది. వదిన ఆ రోజు ఇంటికెళ్ళి ఎవరితోనూ మాట్లాడలేదట. మా అన్నయ్య ఫోన్ చేసి "దానికేం అమ్మావురా నువ్వు?" అని నన్ను తిట్టాడు.

ఆ తరవాత వదిన కళ్ళజోడు మా ఇంట్లో మరిచిపోతే ఇద్దామని లాండ్రీకి వెళ్ళాను. అంతవరకు ఎప్పుడూ లోపలికి పోలేదు. తలుపు తీయగానే వేడిగాలి ముఖానికి కొట్టింది. ఆవిరి, సబ్బు వాసన, యంత్రాల హోరు. ఆ హోరులో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి తడి దుప్పటి పట్టుకుని ఉన్నారు. నన్ను చూడలేదు.

పొడుగక్క పెదవులు కదపకుండా "ఊఁ" అంది. అంత చప్పుడులో నాకు వినిపించడమే ఆశ్చర్యం. ఆ ఊఁతో పాటు మా వదిన నడుము వెనక్కి వాలింది, వెనకే భుజం వచ్చింది, అన్నిటికన్నా చివర మణికట్టు కొరడాలాగా విదిలింది. దుప్పటి ఫట్‌మని పేలి, ఒక్క మడతయినా లేకుండా ఇద్దరి మధ్యా తెరచాపలా నిలబడింది. ఇంకో దుప్పటి. ఊఁ. ఫట్. ఇంకోటి. ఊఁ. ఫట్.

నేను కళ్ళజోడు చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాను. నడుము, భుజం, చివర మణికట్టు. డ్రైవర్ విసరాల్సింది అచ్చం అలాగే. ఇది నేర్పమని నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళకి నెలల తరబడి చెప్పినా పట్టుబడదు. మా వదిన చేతిలో ఆ జోరు ఎప్పటినుంచో ఉంది. అదీ ఇదీ ఒకటి కాదన్నవాణ్ణి నేనే.

"అక్కా, ఒక్కసారి ఊఁ అనకుండా విదిలించండి" అన్నాను దగ్గరికెళ్ళి.

"ఏది అనకుండా?" అంది పొడుగక్క.

"ఇందాకటి నుంచీ అంటున్నారుగా, ఊఁ అని."

"నేనా? నేనెక్కడ అన్నాను? అన్నానా పిల్లా?"

"ఏమో, నేనూ వినలేదు" అంది వదిన.

ఇన్నేళ్ళుగా అంటున్న మనిషికీ తెలియదు, వింటున్న మనిషికీ తెలియదు. పొడుగక్క పెదవులు గట్టిగా బిగించి దుప్పటి ఎత్తింది. వదిన నడుము కదిలింది, ఆగింది. చేతులు ముందే పోయాయి. దుప్పటి మధ్యలో మెలికపడి నేలకి జారింది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ జారింది. పొడుగక్కకి నవ్వాగలేదు. గోడకి ఆనుకుని, నొప్పి భుజం పట్టుకుని మరీ నవ్వింది.

మా వదిన నవ్వలేదు. దుప్పటి తీసి మళ్ళీ ఉతికే బుట్టలో వేసి, "అయితే ఏమంటావు? అక్క పక్కన లేకపోతే నేను దేనికీ పనికిరానంటావా?" అంది నాతో.

"అలా ఎందుకంటాను వదినా? ఆటరోజు అక్కని ఊఁ అనమను, డిస్కు అదే పోతుందంటున్నాను."

"అప్పుడు మళ్ళీ ఆవిడే దాటించినట్టు అవుతుంది. నేను చెయ్యాలనుకున్నదేమిటి, నువ్వు చెప్పేదేమిటి?" పొడుగక్క వైపు తిరిగింది. "అక్కా, ఆటరోజు నీ నోటమ్మట చిన్న చప్పుడు వచ్చినా నీతో మాట్లాడను. ఒట్టు."

"సరేలే" అంది పొడుగక్క కళ్ళు తుడుచుకుంటూ. వదిన పంతం ఆవిడకి కొత్త కాదు.

సరే, పంతం సంగతి ఆవిడిష్టం. డిస్కు సంగతి నాది. మర్నాడే వదినని కొట్టుకి పిలిపించి, జోరైన డ్రైవర్లన్నీ కౌంటరు మీద పరిచాను. పద్నాలుగు నంబరుది ముందే పక్కకి తోసేశాను. దాని అంచు మరీ మందం, వదిన చిన్న అరచెయ్యికి పట్టు కుదరదు. "కళ్ళు మూసుకుని ఒక్కోటీ పట్టుకో. దుప్పటి మూల పట్టుకున్నట్టు పట్టుకో" అన్నాను. ఒక్కోటీ పట్టుకుని పక్కన పెడుతూ పోయింది. ఒకదాని దగ్గర ఆగింది.

"ఇది కుట్టిన అంచు మడతంత ఉంది. చేతికి తెలిసినట్టుంది."

పన్నెండో నంబరుది. అదే అచ్చులో తేలికవి, బరువైనవి ఉంటాయి. బరువైనవి ఎదురుగాలికి నిలబడతాయి, కానీ నీళ్ళు దాటించడానికి వదినకి తేలికదే మేలు. పైగా ఆ రకం మొదట కొంచెం కుడికి ఒరిగి, తరవాత మెల్లగా ఎడమకి సర్దుకుంటుంది. కొన్ని డ్రైవర్లకి ఎడమకి పడే తొందర ఎక్కువ, దీనికి లేదు. మైదానంలో చూసిన చేతికైతే ఇది ఇచ్చేవాణ్ణి కాదు. దుప్పటి దగ్గర చూసిన చేతికి ఇచ్చాను.

"పన్నెండేనా?" అంది వదిన మూతి ముడిచి.

"ఇంకో రెండు కావాలంటే స్కెచ్ పెన్నుతో రాసిస్తాను."

రంగుల దగ్గర మళ్ళీ పేచీ. నారింజరంగుది తీసుకోమన్నాను. తెల్లదే కావాలంది, ఆవిడ జీవితమంతా తెల్ల దుప్పట్ల మధ్యే గడిచింది మరి.

"తెల్లది నీళ్ళలో పడితే కనపడదు వదినా."

"పడితే కదా" అంది.

ఆట రోజు ఆకాశం శుభ్రంగా ఉంది, గాలి లేదు. మిగతా జంటలన్నీ వెనకబడ్డాక, ఎనిమిదో బుట్ట అయ్యేసరికి వంటపెద్ద జంట, మా వదిన జంట ఒక్క విసురు తేడాలో ఉన్నాయి. వంటగది వాళ్ళదే ముందంజ. దగ్గర విసుర్లన్నీ పొడుగక్క నొప్పి చేతితోనే మెల్లగా, గురి తప్పకుండా వేసింది. మొదటి విసుర్లు వదినవి ఒకటి బాగా, ఒకటి ఓ మోస్తరుగా పడ్డాయి. తెల్ల డిస్కు ఇంకా సంచీలోంచి బయటికి రాలేదు.

తొమ్మిదో బుట్ట దగ్గర వంటపెద్ద పద్నాలుగు నంబరుది విసిరాడు. దర్జాగా నీళ్ళు దాటి అవతలి గట్టున పడింది. ఆయన నా వైపు తిరిగి తల ఊపాడు. ఆ డిస్కు ఆయన చేతికి సరిపోయిందని నేను కూడా తల ఊపి ఒప్పుకున్నాను.

తరవాత మా వదిన. తెల్ల డిస్కు తీసి, యూనిఫారం అంచుకి తుడిచి, గీత దగ్గర నిలబడింది. అందరూ నిశ్శబ్దమయ్యారు. చెయ్యి వెనక్కి తీసింది, ఆపింది. దించింది. మళ్ళీ తీసింది, ఆపింది. మెడనరాలు బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది. తీర్పరినైపోయాను గానీ, లేకపోతే నేనే ఊఁ అనేవాణ్ణి. పొడుగక్క ఇచ్చిన మాట ప్రకారం పెదవులు బిగబట్టి నిలబడి ఉంది. కొలనులో నీళ్ళు ఎంత వెడల్పుగా ఉన్నాయో నాకు ఆ రోజే తెలిసింది.

రెండోసారీ చెయ్యి దించి, వదిన వెనక్కి తిరిగింది. చాలాసేపు పొడుగక్క ముఖంలోకి చూసింది.

"అక్కా, అను" అంది.

"నువ్వే వద్దన్నావుగా."

"ఇప్పుడు కావాలంటున్నాగా."

"ఏం అనాలి?" అన్నాడు వంటపెద్ద అయోమయంగా. నేను ఆయన్ని గుడ్లురిమి చూశాను.

వదిన మళ్ళీ కొలను వైపు తిరిగింది. భుజాలు దిగాయి. నిలబడే తీరే మారిపోయింది, ఎదురుగా ఎవరో దుప్పటి అవతలి కొసలు పట్టుకుని ఉన్నట్టు కొంచెం వెనక్కి వాలింది.

"ఊఁ" అంది పొడుగక్క.

నడుము, భుజం, మణికట్టు. డిస్కు చేతిలోంచి వెళ్ళిన చప్పుడు కూడా రాలేదు. తెల్లగా, బల్లపరుపుగా లేచి, నీళ్ళ మీద కొంచెం కుడికి ఒరిగి, అక్కడ కాసేపు ఏ తొందరా లేనట్టు తేలింది. తరవాత నెమ్మదిగా ఎడమకి సర్దుకుని, అవతలి గట్టు గడ్డి మీద జారి ఆగింది. వంటపెద్ద డిస్కు కన్నా ముందు.

ఈసారి కళ్ళు మూసుకున్నది పొడుగక్క. చప్పట్లు వినిపించాక తెరిచింది.

ఆ జంట గెలవలేదని కూడా చెప్పేయాలి. వంటపెద్ద జోడీ రెండో విసురుకే గొలుసులు మోగించాడు. పొడుగక్క కూడా అంతే చక్కగా వేసింది, కానీ అంతకుముందున్న ఆ ఒక్క విసురు తేడా అలాగే మిగిలిపోయింది. కప్పు వంటగదికి పోయింది. మా వాళ్ళిద్దరికీ ఆ సంగతి పట్టినట్టు లేదు. డిస్కు ఏరుకోవడానికి వెళ్ళి, అవతలి గట్టునే కూలబడ్డారు. నేను నీళ్ళ సీసా తీసుకెళ్ళేసరికి వదిన ఏడుస్తోంది.

"నిన్ను దాటిద్దామనుకున్నానక్కా. మళ్ళీ నువ్వే దాటించావు."

"నేనొక్కదాన్నే ఊఁ అనుకుంటూ కూర్చుంటే దుప్పటి విడుస్తుందా? అవతలి కొస పట్టుకున్నది ఎవరు?" అంది పొడుగక్క. "వేడి వైపు నేనెందుకున్నాననుకున్నావు ఇన్నాళ్ళూ?"

"నా కడుపులో పిల్ల ఉందని."

"అది మొదట్లో. తరవాత నా సుఖం కోసమే ఉన్నాను. నువ్వు పెట్టిన దుప్పటి అంగుళం కూడా వంకర పోకుండా వస్తుంది నా చేతుల్లోకి. ఇంకెవరు పెట్టినా అన్నీ ముడతలే. నువ్వుండబట్టి ఆ గదిలో నాకు ఏ రోజూ పొద్దు గడవలేదని అనిపించలేదు. అది నీకు చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను పిల్లా, ఆ యంత్రాల రొదలో కుదరలేదు."

నేను నీళ్ళ సీసా గడ్డి మీద పెట్టి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి వచ్చేశాను.

నెలాఖరుకి పొడుగక్క వెళ్ళిపోయింది. స్టేషన్లో వదిన బాగానే ఉంది, నవ్వుతూనే సాగనంపింది. లాండ్రీలో దుప్పట్లు విదిలిస్తుంటే మాత్రం కొత్తగా వచ్చిన అమ్మాయితో జత కుదరడం లేదని చెప్పింది. ఆ అమ్మాయి మంచిదే, గబగబా పని చేస్తుంది, చెవిలో పాటలు పెట్టుకుంటుంది.

ఆ ఆదివారం వదిన మా ఇంటి తలుపు కొట్టింది. చేతిలో తెల్ల డిస్కు. "పద, మైదానానికి" అంది. నేను బద్ధకిస్తే డిస్కుతో నెత్తి మీద ఒక్కటిచ్చింది.

మైదానం ఖాళీగా ఉంది. వదిన గీత గీసుకుని నిలబడింది. బెంచీ వైపు ఒకసారి చూసింది. అక్కడ ఎవరూ లేరు. చెయ్యి వెనక్కి తీసి ఆపింది. నేను మర్యాద పాటిస్తూ, గాలి కూడా గట్టిగా పీల్చకుండా నిలబడ్డాను.

"ఏరా, ఉన్నావా?" అంది వెనక్కి తిరగకుండానే.

నాకు అర్థమయ్యేసరికి ఒక్క క్షణం పట్టింది. మా పాత ఇంట్లో ఇస్త్రీబల్ల, దాని కింద చల్లటి నేల, పైనుంచి వినిపించే గొంతు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. గొంతు సవరించుకున్నాను.

"ఊఁ" అన్నాను.

వదిన నడుము వెనక్కి వాలింది.